పదకొండు గంటల కూతకు వేసిన ఉప్పు

నా చిన్నప్పుడు బోధన్‌లో మేమున్న ఇంటికీ చక్కెర ఫ్యాక్టరీ గేటుకీ మధ్య దూరం ఒక కిలోమీటరు ఆరువందల మీటర్లు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు భోజనపు కూత మోగేది. మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు సైకిల్ తీసుకొని, గేటు ముందు నిలిచిన చెరకు బండ్లను తప్పించుకుంటూ ఇల్లు చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. కాళ్లు కడుక్కొని పీట మీద కూర్చోవడానికి మరో మూడు నిమిషాలు. మొత్తం పదిహేను. తొమ్మిదేళ్ల వయసులోనే ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే మా ఇంటి కచుంబర్ కరకరలాడడమా, మెత్తబడిపోవడమా అన్నది ఆ పదిహేను నిమిషాల మీదే ఆధారపడి ఉండేది.

కచుంబర్ గొప్ప వంటకమేమీ కాదు. పొయ్యితో పనిలేదు. పెరట్లో ఆ కాలానికి ఏది కాస్తే దాన్ని కోసి కలుపుకోవడమే. చలికాలంలో మా పెరట్లో ముల్లంగి, కీర, టమాట, ఉల్లికాడలు, కొత్తిమీర ఉండేవి. ముల్లంగిని, కీరను శెనగ గింజంత ముక్కలుగా కోసి, రంజన్ కుండలోని చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, బట్ట మీద తడి ఆరనిచ్చేవాళ్లం. టమాట లోపలి గింజల గుజ్జు తీసేసి, గట్టి భాగం మాత్రమే కోసేవాళ్లం. పచ్చిమిర్చి ఒకటి సన్నగా తరిగి వేసేవాళ్లం. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు వడ్డించేటప్పుడు పైన చల్లేవాళ్లం. ఉప్పు, నిమ్మరసం మాత్రం పన్నెండు గంటల కూత వినబడ్డాకే. అంతకు ముందే వేస్తే ముక్కలు నీరు వదిలేస్తాయి. బాపు కూర్చున్నాక వేస్తే ఉప్పు పట్టదు. ఇంట్లో గడియారం లేదు. ఉన్న ఒక్క వాచీ బాపు చేతికే ఉండేది. అందుకని ఫ్యాక్టరీ కూతే మా వంటింటి గడియారం.

బాపు ఆ ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసంలో తీపి ఎంతుందో కొలిచే పని చేసేవాడు. గాజు గొట్టాలు, అంకెలు, దశాంశాలు ఆయన లోకం. ఇంట్లో మాత్రం ఆయనకొక అలవాటు ఉండేది. జొన్నరొట్టె తుంచి, దానిలో కచుంబర్ పెట్టి మడిచి, మొదటి ముద్దను అది చేసినవాళ్ల నోట్లో తన చేత్తో పెట్టి, ఆ తరువాతే తను తినడం మొదలుపెట్టేవాడు. నాకు కత్తిపీట పట్టడం చేతనైన రోజు నుంచీ కచుంబర్ నా పని, మొదటి ముద్ద నా హక్కు. ఆ ముద్ద కోసమే నేను పొద్దంతా ఎదురుచూసేదాన్ని అన్నా తప్పులేదు.

ఆ ఏడాది దసరా సెలవులు కాగానే బాల్కొండ నుంచి మా పెద్దబాపు కూతురు ఒక రేకు పెట్టెతో మా ఇంటికి వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్దది, నాకు అక్క. ఇక్కడ ఉండి చదువుకుంటుందని చెప్పారు. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వచ్చిన నాలుగు రోజులకే ఆమె కత్తిపీట ముందు కూర్చుంది. పసుపు, కూరగాయలు పండించే ఇంట్లో పెరిగిన చేతులు. ముల్లంగిని ముందు నిలువుగా చీల్చి, తరువాత అడ్డంగా కోసేది; ప్రతి ముక్కకూ ఒకటే పొడవు, ఒకటే వెడల్పు. బాపు ఆ గిన్నెలోకి చూసి, నన్ను పిలిచి మరీ చూపించాడు.

"సూడే బిడ్డా, అక్క ఎట్ల కోసిందో. అన్ని ముక్కలు ఒక్క కొలతల ఉన్నయి."

కొలతలతో బతికే మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదని నాకు తెలుసు. ఆ రోజు మొదటి ముద్ద అక్కకు పోయింది. మరునాడూ ఆమెకే. తరువాత అది ఆమె పనే అయిపోయింది, ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించకుండానే. రెండో ముద్ద నాకు పెట్టేవాడు బాపు. అది ఎంత పెద్దదైనా నాకు రుచించేది కాదు.

అసూయ ఎక్కడి నుంచైనా మేత సంపాదించుకుంటుంది. మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆ అవ్వ పొద్దున ముందు అక్కకు జడ వేసి తరువాత నాకు వేస్తే, ఆ వరస నాకు రోజంతా గుచ్చుకునేది. పీట మీద బాపుకు కుడివైపు ఆమె కూర్చుంటే, ఎడమవైపు కూర్చున్న నాకు అన్నం దిగేది కాదు. మా అమ్మ పసుపు తవ్వకానికని మాక్లూర్‌లోని పుట్టింటికి పోయి ఉంది. నా తరఫున ఒక మాట అనేవాళ్లు ఇంట్లో లేరనిపించేది. నాకు మిగిలిన ఒకే ఒక్క ఆధిక్యం ఫ్యాక్టరీ కూత. మొదటి రోజు అది మోగినప్పుడు అక్క ఉలిక్కిపడి గోడకు ఆనుకుంది. బడిలో అందరికీ చెప్పి నవ్వాను. ఏది పొద్దటి కూతో, ఏది భోజనం కూతో, ఏది సాయంత్రం పాళీ మారే కూతో ఆమె నన్ను అడిగి తెలుసుకోవలసి వచ్చేది. అడిగినప్పుడల్లా, "గంత తెల్వదా? గిదిగూడ తెల్వకుంట బోధన్ల ఎట్ల ఉంటవు?" అనేదాన్ని. ఆమె మాత్రం పెరటి గోడ నీడ తులసి గద్దె దాకా వచ్చిందో లేదో చూసి, ఆ తరువాతే ఉప్పు డబ్బా తెరిచేది.

చెరకు ఆడే కాలం కాబట్టి ఆదివారాలు కూడా బాపుకు పని ఉండేది. అటువంటి ఒక ఆదివారం పొద్దున నేను కత్తిపీట మీద ముందే వచ్చి కూర్చున్నాను.

"ఇయ్యాల నేనే చేస్త," అన్నాను.

"చెయ్యి. నేను ముల్లంగి పీక్కొస్త," అంది అక్క.

"నువ్వు పీకుడు అక్కర్లేదు. నువ్వు పీకినవని బాపు మల్ల నిన్నే మెచ్చుకుంటడు."

అవ్వ జొన్నలు చెరుగుతూ ఈ మాటలన్నీ విన్నది. చాట కింద పెట్టి నా ముఖంలోకి కాసేపు చూసింది. "లొల్లి వద్దు," అంది. "ఇద్దరు రెండు గిన్నెల్ల చెయ్యుండ్రి. ఏ గిన్నె ఎవరిదో నేను చెప్ప, మీరు చెప్పద్దు. మీ బాపు ఏది బాగుందంటె ఆ పిల్లకే మొదటి ముద్ద. సరేనా?"

ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఉండదని నాకు అనిపించింది. పందిరి మీద లేత కీరలు రెండే మిగిలి ఉన్నాయి. అవ్వ వాటిని కోసి చెరొకటి ఇచ్చింది. తలా రెండు ముల్లంగులు. మూడు టమాటలను ముక్కలు చేసి సమానంగా పంచింది. నిమ్మకాయ ఒకటే ఉంటే చెరి సగం. ఒకే రకం గిన్నెలు రెండు మా ముందు పెట్టి, జొన్నల మూట నెత్తిన పెట్టుకొని పిండి గిర్నీకి బయలుదేరింది.

ఆ పొద్దు నేను కోసినంత శ్రద్ధగా మళ్లీ ఎప్పుడూ కోయలేదు. ప్రతి ముక్కనూ పక్కముక్కతో ఆనించి చూసుకున్నాను. వంకర ముక్కలను నోట్లో వేసుకున్నాను. రంజన్ నీళ్లలో ఉంచి తీసి, బట్ట మీద పరిచి, మీద ఇంకో బట్ట వేసి అద్దాను. అక్క తన ముక్కలను నీళ్లలోనే వదిలి, కొత్తిమీర కోసుకు రావడానికి పెరట్లోకి పోయింది. నేను ముందున్నానన్న సంతోషంతో ముక్కలను గిన్నెలోకి ఎత్తాను.

అప్పుడు కూత మోగింది.

నేను వెంటనే ఉప్పు వేశాను, నిమ్మచెక్క పిండాను, గరిటె తిరగేసి రెండుసార్లు కలిపాను. కలుపుతూ కిటికీలోంచి పెరట్లోకి చూశాను. అక్క కొత్తిమీర పట్టుకొని, తల వంచి, మడి మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. దడి అవతల పక్కింటాయన కూడా పలుగు కింద పెట్టి అట్లాగే నిలబడ్డాడు. ఆయన సంగతి నా బుర్రకు ఎక్కనే లేదు. అక్క మాత్రమే కనిపించింది నాకు. ఇన్ని నెలలైనా ఈ పిల్లకు పన్నెండు కూత తెలియలేదు, ఇవాళ నేను గెలిచాను అనుకున్నాను.

రెండు నిమిషాలకు కూత మళ్లీ మోగింది. పన్నెండు గంటల కూత రెండుసార్లు మోగదు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క లోపలికి వచ్చి కొత్తిమీర కడగడం మొదలుపెట్టింది.

"రెండు మాట్ల ఎందుకు మోగింది?" అని అడిగాను. కూత గురించి నేను ఆమెను అడగడం అదే మొదటిసారి.

"ఇయ్యాల జనవరి ముప్పై గదా. పదకొండు గంటలకు అందరు నిలబడాలె. మా ఊళ్లె బడిగంట కొడ్తరు," అని, నా గిన్నెలోకి చూసింది. "ఉప్పేసినవా?"

దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల జ్ఞాపకంగా ఏటా ఆ రోజు పదకొండు గంటలకు అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించేవాళ్లు. అంతకు ముందు ఏడు బడిలో నేనూ వరసలో నిలబడ్డాను. ఇంట్లో ఉండేసరికి, పైగా మనసంతా పక్క గిన్నె మీద ఉండేసరికి, కూత అనగానే పన్నెండే అనుకున్నాను. కూత తెలియని పిల్ల గోడ నీడను చూసుకుంది. కూత తెలిసిన నేను పొరబడ్డాను.

"పదకొండే అయింది," అంది అక్క మెల్లగా. "నా కీర సగం తీస్కో. ఇంక ఉప్పెయ్యలేదు నేను."

"నీదేం అక్కర్లేదు నాకు," అన్నాను. ఇప్పటికీ నాకు గుర్తున్నది ఏమిటంటే, ఆ క్షణంలో నా గిన్నె పాడైనందుకు కలిగిన దుఃఖం కంటే, ఇవ్వబోయినందుకు ఆమె మీద కలిగిన కోపమే ఎక్కువ.

గిన్నె ముందు కూర్చొని చూస్తూ ఉండిపోయాను. మొదట ముక్కల అంచులు మెరిశాయి. తరువాత గిన్నె అడుగున సన్నని నీటి గీత కనిపించింది. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతూ కిందికి దిగాయి, నీరు పైకి వచ్చింది. కణం లోపలి నీరు బయటి ఉప్పు వైపు ఎందుకు నడుస్తుందో పదేళ్ల తరువాత కళాశాల ప్రయోగశాలలో చదువుకున్నప్పుడు, నాకు పాఠంలోని బొమ్మ అవసరం లేకపోయింది. మంచినీళ్లలో బిగుసుకున్న ముక్కే ఉప్పులో సడలిపోవడం నేను తొమ్మిదో ఏట ఒక గంట సేపు రెప్ప వేయకుండా చూశాను.

అవ్వ పిండి మూటతో వచ్చి, గిన్నెను చూసి, నన్ను చూసి, సంగతంతా గ్రహించింది. తిట్టలేదు. నవ్వనూ లేదు. "పో బిడ్డా, పక్కింట్ల ఒక గిన్నెడు పెరుగు అడుక్కరా," అని అక్కను పంపింది. ఆమె గడప దాటాక, పలుచని బట్ట పరిచి నా ముక్కలన్నీ అందులో పోసి మూట కట్టి పిండింది. కారిన నీటిని వేరే చెంబులో పట్టింది.

"మంజీర ఏరు అవతల మా తల్లిగారింట్ల దీన్ని కోశింబీర్ అంటరు," అంది. "వాళ్లు కావాలనే ముందుగాల ఉప్పేసి పిండుతరు. పెరుగేసి పోపు పెడ్తరు. పాడైందని ఏడ్సుడు ఎందుకు? గిది ఇంకోటి అయితది."

నేను ముక్కు తుడుచుకున్నాను. అప్పుడు అవ్వ గొంతు తగ్గించి, మూటను ఇంకోసారి మెలిపెడుతూ, పోపులో ఆవాలు ఎన్ని వేయాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ పెద్దబాపు డిచ్‌పల్లి దవాఖానల ఉన్నడు. పెద్దరోగం. మందులు పడుతున్నయి, తగ్గుతదన్నరు. గని రెండేండ్ల సంది పిల్లకు చేత్తోని ఒక్క ముద్ద పెట్టలేదు వాడు. పెట్టద్దని ఎవరు అనలేదు. తన చేతులు చూసి తనే భయపడ్డడు."

కుష్ఠును అప్పట్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు. ఆ మాట నాకు తెలుసు. వీధిలో ఆ జబ్బున్నవాళ్లను చూసి పిల్లలం పరుగెత్తేవాళ్లం. అవ్వ నోట మొదటి ముద్ద అక్కకు వదిలిపెట్టమని గాని, అసూయ పడకూడదని గాని ఒక్క మాట లేదు. "గీ ముచ్చట దాని ముంగట అనకు," అని మాత్రం అని, అక్క తెచ్చిన పెరుగును అందుకుంది.

పన్నెండు గంటలకు అసలు కూత మోగింది. అక్క తన గిన్నెలో ఉప్పు, నిమ్మరసం వేసి కలిపింది. అవ్వ పెరుగులో నా ముక్కలు కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టింది. పిండిన ఉప్పునీటిని మజ్జిగ కుండలో పోసింది. రెండు గిన్నెలూ పీట ముందు పక్కపక్కనే పెట్టి, పొయ్యి వైపు తిరిగి రొట్టెలు చేయడం మొదలుపెట్టింది.

బాపు వచ్చి కూర్చున్నాడు. పందెం సంగతి అవ్వ రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన ముందు అక్క గిన్నెలోంచి కొంచెం తీసి నోట్లో వేసుకున్నాడు. కరకరమన్న చప్పుడు నాకు వినిపించింది. తల ఊపాడు. తరువాత పెరుగు గిన్నెలోంచి తీసి రుచి చూశాడు. నమలడం ఆపి, మళ్లీ తీసుకున్నాడు. మూడోసారి కూడా.

"గిదెవరు చేసిండ్రే?" అన్నాడు. "చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్ల తిన్న, మల్ల గిప్పుడే తింటున్న." రొట్టె తుంచి, పెరుగు ముక్కలు పెట్టి మడిచి, చెయ్యి గాల్లోనే ఆపి మా ఇద్దరినీ చూశాడు. "నాకు గిదే బాగుంది. చెప్పుండ్రి మరి, గీ ముద్ద ఎవరిది?"

అవ్వ మా వైపు తిరగలేదు. పెనం మీద రొట్టెను నీళ్ల చెయ్యితో అద్దుతూ ఉంది. అక్క నా వైపు చూసింది. ఆ గిన్నె నాదని ఆమెకు తెలుసు. నేను నాదంటే ఒక్క మాట కూడా అడ్డు చెప్పదని ఆమె ముఖం చెబుతోంది. ఆ ముద్ద నా నోటికి ఒక జానెడు దూరంలో ఉంది. నెలల తరబడి నేను కోరుకున్నది అదే. వద్దనుకునేంత మంచితనం నాలో ఆ క్షణాన ఎంత వెతికినా దొరకలేదు. దవాఖానలో ఉన్న పెద్దబాపు చేతులు గుర్తొచ్చాయి గాని, అవి గుర్తొచ్చినా నా ఆకలి తగ్గలేదు.

"అవ్వ చేసింది," అన్నాను.

అది అబద్ధం కాదు. కోసింది నేను, చేసింది అవ్వ.

"మరి గిది?" అని బాపు రెండో గిన్నె చూపించాడు.

"అక్క."

"నువ్వేం చెయ్యలేదా ఇయ్యాల?"

"నాది ఖరాబైంది."

బాపు నన్ను ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. ఆ పెరుగు ముద్దను అవ్వకు పెట్టబోతే, "నాకు పండ్లు లేవు, పిల్లకు పెట్టు" అంది ఆవిడ, పొయ్యి వైపే చూస్తూ. అయితే మొదటి ముద్ద రెండో గిన్నె చేసిన పిల్లదేనని ఆయన దాన్ని పళ్లెంలో పెట్టి, వేరే రొట్టె ముక్క తుంచి, అక్క చేసిన కచుంబర్ పెట్టి మడిచి, ఆమె నోట్లో పెట్టాడు. అక్క కళ్లు మూసుకొని నమిలింది. అవసరమైన దానికంటే చాలాసేపు నమిలింది. ముల్లంగి పళ్ల కింద నలిగే ప్రతి చప్పుడూ నా చెవిలో పడింది. ప్రతి చప్పుడుకూ నా కడుపు మండింది. తరువాత పళ్లెంలో ఉన్న పెరుగు ముద్ద నాకు పెట్టాడు బాపు. బాగుంది. బాగున్నందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ సాయంత్రం నుంచి నేను మారిపోయానని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, కాని అది జరగలేదు. మరునాడు కూడా జడల వరస నన్ను గుచ్చింది. పెద్దబాపు నయమై వచ్చి అక్కను బాల్కొండకు తీసుకుపోయిన రోజు, ఆయన బాగుపడ్డాడన్న సంతోషం కంటే, బాపుకు కుడివైపు చోటు ఖాళీ అయిందన్న సంతోషమే నాలో ముందు పుట్టింది. వారం తిరగకముందే ఆ ఖాళీ నచ్చక, ఎవరితో పోటీపడి కోయాలో తెలియక, కత్తిపీట ముందు ఊరికే కూర్చున్నాను.

నిజామాబాద్‌లో ఇప్పుడు మా డాబా మీద తొట్లలో ముల్లంగి, కీర పండిస్తున్నాను. అక్క చలికాలంలో ఒకసారైనా వచ్చి పోతుంది. వచ్చినప్పుడు కచుంబర్ ఆమే కోస్తుంది, మనవలంతా ఆమె చుట్టూ చేరతారు. ముక్కలు ఇప్పటికీ ఒక్క కొలతలో ఉంటాయి. నాకు ఇప్పటికీ కొంచెం కడుపు మండుతుంది. ఆమెకు తెలుసనుకుంటాను, కోసిన మొదటి ముక్క నా చేతిలో పెట్టి, "సూడు, సరిగ్గ ఉన్నదా?" అని అడుగుతుంది.

ప్రయోగశాలల్లో పనిచేసిన ముప్పై ఏళ్లలో, పక్కవాళ్లకు దక్కిన పదవి నాకు దక్కలేదని రగిలిపోయిన సందర్భాలు లేకపోలేదు. అప్పుడు నాకు పనికొచ్చింది ఆ ఆదివారమే. అసూయ చల్లారాక న్యాయంగా నడుచుకుందామని కూర్చుంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. కడుపు మండుతూ ఉండగానే నోరు సరైన మాట అనగలదు. పొయ్యి వైపు తిరిగి అవ్వ నాకు నేర్పింది అది. తను చూస్తుండగా అన్న మాటైతే అది తనకోసం అన్నదయ్యేది. చూడకుండా ఉండి, ఆ మాటను పూర్తిగా నాకే వదిలిపెట్టింది.

ఆ రోజు లెక్క ఇది. ఖర్చు: కీరలు రెండు, ముల్లంగులు నాలుగు, టమాటలు మూడు, నిమ్మకాయ ఒకటి, పక్కింటి పెరుగు ఒక గిన్నె. పిండిన నీరు మజ్జిగలో కలిసింది కాబట్టి అది నష్టం కిందికి రాదు. నష్టం: మొదటి ముద్ద ఒకటి.